మూలుగ మార్పిడి తరువాతి జీవితం: తనకల్లు సీమ వైద్య చరిత్ర నేర్పే పాఠం

ఎముకల లోపలి గుల్లల్లో ఉండి నెత్తుటి కణాలను నిత్యం పుట్టించే మెత్తని పదార్థాన్ని తెలుగువారు మూలుగ అంటారు; వైద్యగ్రంథాలు దానినే మజ్జ అంటాయి. ఆ మూలుగ చెడిపోయినప్పుడో, అందులో పుట్టిన కణాలే క్యాన్సర్‌గా మారినప్పుడో, దాన్ని తీవ్రమైన మందులతో, కిరణాలతో నిర్మూలించి, సరిపోలిన మరొక మనిషి నుంచి తీసుకున్న మూలకణాలను సెలైను ఎక్కించినట్టే నరం ద్వారా ఎక్కించే చికిత్సను మూలుగ మార్పిడి అంటారు. ఈ చికిత్స చరిత్రను ఇంతవరకు ఎక్కువమంది ప్రాణం నిలిపిన కథగా రాశారు. ప్రాణం నిలిచాక ఏళ్ల తరబడి సాగే బతుకు, ఆ బతుకులో కన్ను, నోరు, చర్మం, ఊపిరితిత్తులు, ఎముకలు ఒకదాని వెంట ఒకటి కోరే సంరక్షణ ఆ కథలో చివరి పేజీలకే పరిమితమయ్యాయి. పెద్దాసుపత్రులున్న నగరంలో కూర్చొని చూస్తే ఈ లోటు అంతగా కనిపించదు గాని, తనకల్లు వంటి మెట్ట మండలం నుంచి చూసినప్పుడు అదే ప్రధాన విషయమవుతుంది. ఎందుకంటే మార్పిడి జరిగేది కొన్ని వారాలు; దాని పర్యవసానాలతో కాపురం చేయవలసింది జీవితాంతం; ఆ కాపురం సాగేది సొంత ఊళ్లో. దీర్ఘవ్యాధికి వైద్యం ఇంటి దగ్గరికి రావాలన్న సూత్రాన్ని దేశానికి నేర్పిన ప్రాంతాల్లో ఈ సీమ కూడా ఒకటి కాబట్టి, ఆ పాత పాఠం వెలుగులో ఈ కొత్త అవసరాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సీమ, హద్దులు, దారులు

తనకల్లు నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో, కదిరి ప్రాంతంలో ఒక మండల కేంద్రం. ఒకవైపు కర్ణాటక సరిహద్దు, మరొకవైపు ములకలచెరువు మీదుగా మదనపల్లెకు పోయే దారి ఉన్న ఈ మండలం ఏ జిల్లాలో ఉన్నా ఆ జిల్లాకు అంచునే ఉంటూ వచ్చింది. కదిరి తాలూకా 1910 దాకా కడప జిల్లాలో భాగం. ఆ ఏడు దాన్ని అనంతపురం జిల్లాలో కలిపారు. పొరుగున ఉన్న మదనపల్లె తాలూకా కూడా అప్పటిదాకా కడప జిల్లాదే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అది అటు వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి, కదిరి, తనకల్లు ప్రాంతం పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలో చేరింది. పాలనా కేంద్రాలు ఇలా మారుతూ వచ్చినా, జబ్బు చేసినవారు నడిచే దారులు మాత్రం ఆ హద్దులను పెద్దగా పట్టించుకోలేదు. అవి మదనపల్లె వైపు, వేలూరు వైపు, బెంగళూరు వైపు సాగుతూనే ఉన్నాయి.

ఆ దారుల్లో ముఖ్యమైనది రైలు దారి. 19వ శతాబ్ది చివరి దశకంలో నడక మొదలుపెట్టిన ధర్మవరం–పాకాల మీటర్‌గేజి మార్గం కదిరి, తనకల్లు, ములకలచెరువు, మదనపల్లె రోడ్డు, పీలేరుల మీదుగా పాకాల చేరి, అక్కడి నుంచి చిత్తూరు మీదుగా కాట్పాడి వెళ్లే మార్గంతో కలిసింది. కాట్పాడి వేలూరుకు రైలు స్టేషను. అంటే ఈ కరవు సీమలోని పల్లెలకూ, దక్షిణ భారతంలో మిషనరీ వైద్యానికి పెద్ద నెలవైన వేలూరుకూ నడుమ నూరేళ్ల కిందటే పట్టాలు పరిచి ఉన్నాయి. అమెరికన్ వైద్యురాలు ఐడా స్కడర్ 1900లో ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల క్రైస్తవ వైద్య కళాశాలగా, సీఎంసీగా ఎదిగిన క్రమంలో, రాయలసీమ ఇళ్లలో “వేలూరికి తీసుకుపోవడం” అనే మాట చివరి ఆశకు మారుపేరుగా స్థిరపడింది.

నేల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉండడం వల్ల అనంతపురం ప్రాంతంలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లకు మించదు. 1876–78 మహాక్షామం ఈ పీఠభూమిని తుడిచిపెట్టినంత పని చేసింది. 20వ శతాబ్ది ద్వితీయార్ధంలో కొర్ర, జొన్న, రాగి పండిన చేలను వేరుశెనగ ఆక్రమించడంతో, ఒక్క పంటను, ఒక్క వానకాలాన్ని నమ్ముకున్న జీవనం ఏర్పడింది. ఎండలో ఒళ్లు వంచి చేసే పని, దుమ్ము, బోరునీళ్లు, శెనక్కాయ కట్టె వామి, పంట పోయిన ఏడు బెంగళూరు వలస ఇక్కడి బతుకులో విడదీయరాని భాగాలు. మూలుగ మార్పిడి తరువాత వైద్యులు చెప్పే జాగ్రత్తల్లో దాదాపు ప్రతిదీ వీటిలో ఏదో ఒకదాన్ని తాకుతుంది.

ఆరోగ్యవరం నుంచి ఇంటి గడప దాకా

దీర్ఘవ్యాధి అన్న మాటకు ఈ సీమలో మొదటి అర్థం క్షయ. మందు లేని ఆ రోగానికి పొడి గాలి, విశ్రాంతి, బలమైన తిండి తప్ప దారి లేని కాలంలో, అనేక క్రైస్తవ మిషన్లు కలిసి మదనపల్లెలో ఒక శానిటోరియాన్ని, అంటే రోగులు నెలల తరబడి ఉండి కోలుకునే వైద్యనివాసాన్ని, 1912లో నెలకొల్పాయి. డెన్మార్కు దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దాన్ని నడిపించాడు. 1915లో అది పట్టణానికి వెలుపల సొంత ఆవరణకు మారింది. ఆ ఆవరణ పేరు ఆరోగ్యవరం. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తు, తక్కువ తేమ, చల్లని రాత్రులు ఆ స్థలం ఎంపికకు కారణమయ్యాయి. కరవు తెచ్చే పొడిదనమే క్షయరోగికి ఔషధమైందన్నమాట.

ఆరోగ్యవరం అనుభవం రెండు విషయాలను బయటపెట్టింది. మొదటిది, రోగి ఆసుపత్రి గేటు దాటిన రోజుతో జబ్బు కథ ముగియదు. అతడు తిరిగి వెళ్లే ఇల్లు, చేసే పని, తినే తిండి ఆ కోలుకోవడం నిలుస్తుందో లేదో నిర్ణయిస్తాయి. రెండవది, శానిటోరియంలో ఎన్ని మంచాలు వేసినా ఊళ్లలోని రోగులందరికీ అవి చాలవు. ఈ రెండో గుర్తింపుతోనే తరువాతి తరంలో డాక్టర్ యొహానెస్ ఫ్రిమోట్-మోలర్ పరిశోధనను ఆవరణ దాటించి, 1950 నుంచి మదనపల్లె చుట్టుపట్ల పల్లెల్లో ఇంటింటికీ తిరిగి క్షయ వ్యాప్తిని ఏళ్లపాటు లెక్కించే అధ్యయనాన్ని నడిపాడు. ఆ ఫలితాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రిక ప్రచురించింది. 1948లో దేశంలో బీసీజీ టీకాలు మొదట వేసిన చోట్లలో మదనపల్లె కూడా ఉంది.

ఇంతలో స్ట్రెప్టోమైసిన్, ఐసోనియాజిడ్, పీఏఎస్ వంటి మందులు వచ్చాయి. మందు ఉన్నప్పుడు రోగిని నెలల తరబడి శానిటోరియంలో ఉంచవలసిందేనా అన్న ప్రశ్నకు జవాబు కోసం 1956లో మద్రాసులో క్షయ రసాయన చికిత్స కేంద్రం ఏర్పడింది. అక్కడ కొందరు రోగులను శానిటోరియంలో, మరికొందరిని మురికివాడల్లోని సొంత ఇళ్లలో ఉంచి ఒకే మందులతో ఏడాదిపాటు చికిత్స చేశారు. ఇంట్లో ఉన్నవారికి తిండి, విశ్రాంతి తక్కువైనా, క్రమం తప్పకుండా మందు అందించి, వెంట ఉండి చూసుకున్నందువల్ల వారు కూడా శానిటోరియం రోగులతో దాదాపు సమానంగా కోలుకున్నారు. 1959లో వెలువడిన ఈ ఫలితం ప్రపంచమంతటా క్షయ చికిత్స తీరును మార్చివేసింది.

అదే ఏడు బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ ఏర్పడింది. ఆ సంస్థ తరఫున డి. బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ పొరుగు జిల్లా తుమకూరులో చేసిన సామాజిక అధ్యయనం, క్షయ లక్షణాలున్నవారిలో సగానికి పైగా అప్పటికే ఏదో ఒక దగ్గరి వైద్యశాల గుమ్మం తొక్కారనీ, అక్కడ వారికి దగ్గు మందు తప్ప మరేమీ దొరకలేదనీ తేల్చింది. పల్లె రోగి అజ్ఞానం వల్ల వైద్యానికి రాడన్న అభిప్రాయాన్ని ఈ పరిశీలన పడగొట్టింది. రోగి వచ్చాడు, సంస్థ సిద్ధంగా లేదు. ఈ అవగాహనతో సాధారణ ప్రభుత్వ వైద్యశాలలనే క్షయ చికిత్సకు సమాయత్తం చేసే జిల్లా క్షయ కార్యక్రమాన్ని రూపొందించి, 1960ల తొలినాళ్లలో దాన్ని మొదట ఆచరణలో పరీక్షించిన జిల్లా అనంతపురం. అక్కడ కుదిరిన నమూనా జాతీయ కార్యక్రమానికి ఆధారమైంది. దీర్ఘవ్యాధికి నెలల తరబడి సాగే చికిత్సను పల్లె దాకా ఎలా చేర్చాలో దేశం నేర్చుకున్న బడుల్లో ఈ కరవు జిల్లా ఒకటి అనడానికి ఇదే ఆధారం.

కొత్త మూలుగ, పాత దేహం

మూలుగ మార్పిడి కథ కూడా ఆ దశాబ్దాల్లోనే మరో ఖండంలో మొదలైంది. 1950లలో ఎలుకలపై ప్రయోగాలు చేసిన శాస్త్రజ్ఞులు, కిరణాలతో మూలుగను చంపి మరో ఎలుక కణాలను ఎక్కించినప్పుడు, అది మొదట బతికి, తరువాత చర్మం పాడై, విరేచనాలతో చిక్కి చనిపోవడం గమనించి దానికి ద్వితీయ వ్యాధి అని పేరు పెట్టారు. అమెరికన్ వైద్యుడు ఇ. డోనాల్ థామస్ 1957లో మనుషులకు మూలుగ ఎక్కించిన తొలి ప్రయత్నాలను ప్రచురించాడు. ఫ్రాన్సులో జార్జ్ మాతే 1963లో నివేదించిన రోగిలో దాత మూలుగ నిలిచింది. ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ తిరిగి రాలేదు గాని, ఆ రోగి సుమారు 20 నెలలకు ఇన్‌ఫెక్షన్‌తో మరణించాడు. జబ్బు నయమైనా నయం చేసిన కణాలే కొత్త జబ్బు తేగలవన్న సత్యం ఇలాంటి తొలి రోగుల అనుభవంతో మనుషుల విషయంలోనూ స్పష్టమైంది.

ఆ కొత్త జబ్బునే నేడు వైద్యులు జీవీహెచ్‌డీ అంటున్నారు. తోటమాలి చెట్టుకు అంటు కట్టినట్టు వైద్యుడు రోగికి దాత కణాలను అంటు కడతాడు. ఆ కణాల్లో రోగనిరోధక సైన్యం వంటి కణాలు కూడా ఉంటాయి. అవి తాము చేరిన దేహాన్ని పరాయిదిగా భావించి దాడి చేయడమే ఈ వ్యాధి స్వభావం. దాత, గ్రహీతల కణాలపై ఉండే హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తులు ఎంత సరిపోలితే ఈ దాడి అంత తగ్గుతుంది. ఒకే తల్లిదండ్రులకు పుట్టినవారి మధ్య ఆ గుర్తులు పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాలు, మేనమామ పెళ్లిళ్లు సాగిన రాయలసీమ కుటుంబాల్లో దీనికి రెండు ముఖాలున్నాయి: తలసీమియా వంటి వంశపారంపర్య రక్తవ్యాధులు బయటపడే అవకాశాన్ని ఆ ఆచారమే పెంచుతుంది, తోబుట్టువు దొరకనప్పుడు విస్తృత బంధువర్గంలో సరిపోలిన దాతను వెతికే అవకాశాన్నీ అదే కొంత పెంచుతుంది.

ఈ దాడిని అణచడంలో ఒక తెలుగువాడి కృషి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో తన బృందంతో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసి, ఆ దారిలోనే దాన్ని అడ్డుకునే అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ మందులకు మార్గం వేశాడు. 1948లో సిడ్నీ ఫార్బర్ అమినాప్టెరిన్‌తో పిల్లల ల్యుకేమియాకు తాత్కాలిక ఉపశమనం సాధించినట్టు ప్రకటించాడు; అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు న్యూయార్కులో కన్నుమూశాడు. థామస్ సియాటిల్ బృందం మెథోట్రెక్సేట్‌ను చిన్న మోతాదుల్లో వాడి జీవీహెచ్‌డీని నివారించవచ్చని చూపింది. 1986లో దానికి సైక్లోస్పోరిన్‌ను జోడించిన పద్ధతి స్థిరపడిన తరువాత, మార్పిడి జరిగిన 1వ, 3వ, 6వ, 11వ రోజుల్లో మెథోట్రెక్సేట్ ఇవ్వడం అనేక ఆసుపత్రుల్లో ఆచారమైంది. థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి లభించింది.

దీర్ఘకాలపు సమస్యలు చరిత్రలోకి రావడానికి ముందు దీర్ఘకాలం బతికినవారు ఉండాలి కదా. 1977లో థామస్ బృందం, ఇక మందులు పనిచేయని ల్యుకేమియా రోగులు 100 మందికి మార్పిడి చేస్తే 13 మంది వ్యాధి లేకుండా జీవించి ఉన్నారని ప్రకటించింది. అలా మిగిలినవారిని జాగ్రత్తగా గమనించగా, మొదటి నూరు రోజుల్లో వచ్చే తీవ్రమైన దాడికి భిన్నంగా, నెలల తరువాత నెమ్మదిగా మొదలై ఏళ్ల తరబడి సాగే మరో రూపం కనిపించింది. కళ్లు, నోరు ఎండిపోవడం, చర్మం బిగుసుకుపోవడం, కాలేయం, ఊపిరితిత్తులు దెబ్బతినడం దాని లక్షణాలు. 1980లో సియాటిల్ వైద్యులు 20 మంది రోగుల ఆధారంగా దాన్ని దీర్ఘకాలిక జీవీహెచ్‌డీగా సమగ్రంగా వర్ణించారు. దాత నుంచి కణాలు పొందినవారిలో 30 నుంచి 70 శాతం దాకా ఏదో ఒక స్థాయిలో దీని పాలవుతారని వైద్యసాహిత్యం చెబుతోంది. రెండేళ్లకు మించి బతికినవారిని పరిశీలించి 2010లో ప్రచురించిన ఒక అమెరికన్ అధ్యయనంలో 66 శాతం మందికి కనీసం ఒక దీర్ఘకాలిక అనారోగ్యం ఉంది. వారి తోబుట్టువుల్లో అది 39 శాతమే.

భారతదేశంలో 1983 మార్చిలో ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో డాక్టర్ సురేశ్ అద్వానీ బృందం, ల్యుకేమియాతో ఉన్న తొమ్మిదేళ్ల బాలికకు ఆమె సోదరుడి మూలుగతో తొలి విజయవంతమైన మార్పిడి చేసింది. 1986లో వేలూరు సీఎంసీ ఈ చికిత్సను ప్రారంభించింది. డాక్టర్ మామెన్ చాందీ నాయకత్వంలో అక్కడి రక్తవ్యాధుల విభాగం తలసీమియా మార్పిడులకు దేశంలోనే పెద్ద కేంద్రంగా ఎదిగింది. తరువాతి దశాబ్దాల్లో హైదరాబాదు, బెంగళూరు, చెన్నై నగరాల్లో కేంద్రాలు పెరిగాయి. 2009లో చెన్నైలో దాత్రి పేరిట దాతల పట్టిక మొదలైంది. సగం సరిపోలిన తల్లి, తండ్రి, బిడ్డ కూడా దాత కాగల పద్ధతులు వచ్చాయి. అలా తనకల్లు నుంచి రైలు దారి, రోడ్డు దారి చేరే మూడు దిక్కుల్లోనూ ఈ చికిత్స అందుబాటులోకి వచ్చింది. అందుబాటులోకి వచ్చినకొద్దీ దానితో బతికి ఊరికి తిరిగివచ్చేవారి సంఖ్య కూడా పెరగక తప్పదు.

మెట్టనేలపై మార్పిడి తరువాతి బతుకు

ఊరికి తిరిగివచ్చిన గ్రహీత దేహంలో నెత్తుటి వర్గం కూడా దాతదిగా మారిపోయి ఉండవచ్చు. పాత గుర్తింపు కార్డుల్లోని వర్గాన్ని నమ్మి ఎవరూ నెత్తురు ఎక్కించకూడదు. ఎక్కించే నెత్తురును కూడా ముందుగా కిరణాలతో శుద్ధి చేయవలసి ఉంటుంది. చిన్ననాడు వేసుకున్న టీకాల రక్షణ చాలావరకు చెరిగిపోతుంది కాబట్టి, ఆరు నెలల నుంచి ఏడాది లోపు టీకాలను పసిబిడ్డకు వేసినట్టే మళ్లీ మొదలుపెట్టాలి. తట్టు వంటి వాటికి వేసే జీవటీకాలు రెండేళ్లు నిండాక, రోగనిరోధకతను అణచే మందులు ఆగాక మాత్రమే వేస్తారు. దేశంలో మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటైన బీసీజీ టీకాను మాత్రం వీరికి వేయరు.

అన్నిటికంటె ముందు గుర్తుంచుకోవలసింది ఎండ. ఎండ తగిలిన చర్మంపై దాత కణాల దాడి తిరగబెట్టవచ్చు. మందగించిన మచ్చలు మళ్లీ రేగవచ్చు. ఏళ్లు గడిచినకొద్దీ చర్మ క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది. మార్చి నుంచి జూన్ దాకా నీడే కరువైన ఈ పీఠభూమిలో పొలం పని చేసి బతికే మనిషికి ఎండలోకి పోవద్దన్న మాట సలహా కంటె పెద్దది. అది జీవనోపాధి మానుకొమ్మన్న ఆదేశం. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని దేశానికి ప్రారంభించింది అనంతపురం జిల్లాలోని బండ్లపల్లిలోనే. ఆ పథకంలో ప్రధానమైన మట్టిపని మాత్రం వీరు చేయలేనిది. మొక్కలకు నీరు పోయడం, నీడన నీళ్లందించడం వంటి తేలిక పనులను వీరికి కేటాయించే వెసులుబాటును స్థానికంగా వాడుకోవడం న్యాయం.

రెండవది బూజు. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు జాతి గాలిలో ఎప్పుడూ ఉంటుంది. ఆరోగ్యవంతులను అది పెద్దగా ఏమీ చేయదు గాని, స్టెరాయిడ్లు, సైక్లోస్పోరిన్ వాడేవారి ఊపిరితిత్తుల్లో అది ప్రాణాంతకం కాగలదు. తడిసిన శెనక్కాయలపై పెరిగి అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేసేది కూడా ఆ జాతి బూజే. కాబట్టి కాయలు ఒలిచే చోట, కట్టె వామి కదిలించే చోట, పశువుల కొట్టంలో, పాత ఇల్లు పడగొట్టే చోట గ్రహీత ఉండకూడదు. ఆసుపత్రి ఇచ్చే సాధారణ సూచనల్లో దుమ్ముకు దూరంగా ఉండమన్న మాట ఉంటుంది; శెనక్కాయ కట్టె పేరు ఉండదు. ఆ ఒక్క పేరు చేరిస్తే ఈ సీమ ఇంటికి ఆ సూచన అర్థవంతమవుతుంది.

తిండి విషయంలో సీమ అలవాట్లు కొంత మేలు, కొంత కీడు చేస్తాయి. అప్పుడే దించిన వేడి రాగిసంగటి, పప్పు తొలి నెలల్లో సురక్షితమైన ఆహారం. చద్దన్నం, సంతలో కోసి పెట్టిన పండ్లు, కాచని పాలు, బోరు నుంచి నేరుగా పట్టిన నీరు ప్రమాదకరం. నోటిలో పుండ్లు, తెల్లని చారలతో వ్యాధి ఉన్నప్పుడు ఊరుబిండి, ఎర్రకారం నోట పెట్టలేరు. కారం లేని ముద్ద మింగడం ఇక్కడి మనిషికి ఎంత కష్టమో ఇంటివారికే తెలుసు. లాలాజలం తగ్గి పళ్లు త్వరగా పుచ్చుతాయి. ఏళ్ల తరువాత నోటి క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది కాబట్టి వక్కాకు, పొగాకు నమలడం పూర్తిగా మానాలి.

కన్నీటి గ్రంథులు దెబ్బతిని కళ్లు ఎండిపోవడం, ఇసుక పడ్డట్టు గరగరలాడడం మరో ప్రధాన సమస్య. గాలి, దుమ్ము దాన్ని రెట్టింపు చేస్తాయి. కృత్రిమ కన్నీటి చుక్కలను రోజుకు అనేకసార్లు వేసుకోవాలి. తీవ్రమైతే రోగి సొంత నెత్తుటి ద్రవంతోనే చుక్కలు తయారుచేస్తారు. కిరణాలు, స్టెరాయిడ్ల వల్ల శుక్లాలు చిన్న వయసులోనే రావచ్చు. అవే స్టెరాయిడ్లు ఎముకలను పలచబరచి, తుంటి కీలుకు నెత్తుటి సరఫరా తగ్గించి, ఆ ఎముక చివరను చచ్చిపోయేలా చేయగలవు. నేలపై కూర్చొని తినడం, గొంతుక్కూర్చొని పని చేయడం అలవాటైన చోట తుంటి నొప్పి మనిషిని ఇంటి మూలకు కట్టివేస్తుంది. స్టెరాయిడ్ల వల్ల వచ్చే మధుమేహం, రక్తపోటు, మందగించే థైరాయిడ్ గ్రంథి కూడా ఏటా పరీక్షించవలసినవే. మెట్లెక్కితే ఆయాసం మొదలైందంటే దాన్ని దుమ్ము దగ్గుగా కొట్టిపారేయకూడదు. చిన్న శ్వాసనాళాలు శాశ్వతంగా పూడిపోయే పరిస్థితికి అది తొలి గుర్తు కావచ్చు.

చాలామంది బయటికి చెప్పుకోని బాధ సంతానలేమి. మార్పిడికి ముందు ఇచ్చే తీవ్ర మందులు, కిరణాలు అండాశయాలను, వృషణాలను దెబ్బతీస్తాయి; యువతులకు అకాలంలో ముట్టు నిలిచిపోతుంది. పెళ్లి సంబంధాల మాట వచ్చినప్పుడు ఇది కుటుంబాల్లో మౌనంగా మారి, ఆ మౌనం వ్యాధి కంటె ఎక్కువగా మనిషిని కుంగదీస్తుంది. చికిత్సకు ముందే ఈ విషయం విడమరచి చెప్పి, వీలైనచోట బీజకణాలను భద్రపరచడం వైద్యుడి బాధ్యత.

వీటన్నిటి నడుమ పాత శత్రువైన క్షయ మళ్లీ తల ఎత్తుతుంది. రోగనిరోధకత తగ్గినప్పుడు దేహంలో ఏళ్లుగా నిద్రించిన క్షయ సూక్ష్మజీవి మేల్కొంటుంది. అప్పుడు ఇచ్చే ప్రధాన మందు రిఫాంపిసిన్ కాలేయం పనిని వేగవంతం చేసి, సైక్లోస్పోరిన్, స్టెరాయిడ్ల మోతాదును నెత్తుటిలో తగ్గించివేస్తుంది. బూజుకు వాడే వొరికొనజోల్ వంటి మందులు సైక్లోస్పోరిన్‌ను పెంచివేస్తాయి. ఊళ్లో వైద్యుడు మంచి ఉద్దేశంతో రాసిన మందు, మార్పిడి కేంద్రానికి తెలియకపోతే, దాత కణాల దాడిని తిరగబెట్టవచ్చు. అందుకే ఈ రెండు చోట్ల నడుమ మాట నడవాలి. అది నడవకపోతే నష్టపోయేది రోగి ఒక్కడే.

ఖర్చు తీరిన చోట తీరని అవసరం

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం మొదట ప్రారంభమైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్, శ్రీకాకుళంతో పాటు అనంతపురం ఉంది. పేద ఇంటి మనిషి పెద్దాసుపత్రి గడప తొక్కగలిగిన మార్పు అది. తలసీమియా పిల్లల మార్పిడికి 2017లో మొదలైన కోల్ ఇండియా తలసీమియా బాల సేవా యోజన రూ.10 లక్షల దాకా సాయం చేస్తోంది. అయితే ఇలాంటి పథకాలు ప్రధానంగా ఒక చికిత్సను, ఒక ప్యాకేజీని లెక్కగట్టి డబ్బు చెల్లించేందుకు రూపొందాయి. మార్పిడికి మొదలూ ముగింపూ ఉన్నాయి; తరువాతి సంరక్షణకు ముగింపు లేదు. కంటిచుక్కలు, ఊపిరితిత్తుల పరీక్ష, బూజు మందు, పనికి పోలేని రోజుల కూలి, తోడు వచ్చే మనిషి బస్సు ఛార్జీ ఇలాంటి ప్యాకేజీల్లో సులువుగా ఇమడవు. 2021లో అమెరికా నియంత్రణ సంస్థ దీర్ఘకాలిక జీవీహెచ్‌డీకి రుక్సోలిటినిబ్, బెలుమోసుడిల్ మందులను అనుమతించింది గాని, ఇక్కడి కుటుంబానికి నేటికీ చవకగా దొరికే ఆధారం స్టెరాయిడే.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం తలసీమియా, హీమోఫీలియా, సికిల్‌సెల్ వ్యాధులను గుర్తించిన 21 వైకల్యాల్లో చేర్చింది. మార్పిడితో తలసీమియా పోయి, ఆ మార్పిడే తెచ్చిన దీర్ఘవ్యాధితో మిగిలిన మనిషికి మాత్రం ఆ జాబితాలో సొంత పేరు లేదు. చూపు పోతే చూపు కింద, తుంటి పోతే చలన వైకల్యం కింద విడివిడిగా కొలిపించుకోవాలి. ఒక్కొక్కటి కొలతకు అందనంత చిన్నదై, అన్నీ కలిసి మనిషిని పనికి దూరం చేసే పరిస్థితిని ఆ కొలత పట్టుకోలేదు.

ఈ జిల్లాకు ఇలాంటి పనికి అవసరమైన అనుభవం లేకపోలేదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు బత్తలపల్లి ఆసుపత్రిలో వేలాది హెచ్‌ఐవీ రోగులకు ఏళ్ల తరబడి చికిత్స చేసింది. రోగనిరోధకత తగ్గిన మనిషిని పల్లెలోనే ఉంచి, జీవితాంతం మందులు ఇస్తూ, క్షయ, బూజు వంటి ముప్పులను కాచుకోవడం ఎలాగో అక్కడి వైద్యులకు, నర్సులకు తెలుసు. మూలుగ మార్పిడి గ్రహీత అవసరాలు దీనికి చాలా దగ్గరివి.

అందువల్ల కావలసినవి భారీ భవనాలేమీ కావు. మార్పిడి చేసిన ప్రతి ఆసుపత్రి, రోగిని ఇంటికి పంపేటప్పుడు, అతని మారిన రక్తవర్గం, వాడుతున్న మందులు, కలపకూడని మందులు, వేయవలసిన టీకాల తేదీలు, ఏటా చేయవలసిన పరీక్షలు తెలుగులో రాసిన ఒక పుస్తకం అతని చేతికివ్వాలి. దాని ప్రతి ఒకటి ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండాలి. కదిరి వంటి పట్టణంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక వైద్యుడు ఆ కేంద్రంతో ఫోనులో మాట్లాడి మందు మార్చగలగాలి. కంటి, పంటి, ఊపిరితిత్తుల పరీక్షలు అక్కడే జరగాలి. మందుల ఖర్చు పథకంలో ఏటా కొనసాగాలి. పింఛను నిర్ణయించేటప్పుడు అవయవాలను విడివిడిగా కాక మనిషిని మొత్తంగా చూడాలి. ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలకు జ్వరం, ఆయాసం, కొత్త మచ్చ అనే మూడు ప్రమాద సూచనలు తెలిసి ఉంటే చాలా ప్రాణాలు సమయానికి ఆసుపత్రి చేరతాయి.

1912లో మదనపల్లెకు రోగి నడిచి వెళ్లాడు. 1960లలో అనంతపురం జిల్లాలో మందు రోగి దగ్గరికి నడిచి వచ్చింది. క్షయకు అది సాధ్యమైంది, హెచ్‌ఐవీకి సాధ్యమైంది, మూలుగ మార్పిడి తరువాతి జీవితానికీ సాధ్యమే. ప్రాణం నిలిపిన వైద్యం ఆ ప్రాణాన్ని ఊరి నడుమ నిలబెట్టినప్పుడే సంపూర్ణమవుతుంది. ఆ మిగిలిన సగాన్ని పూర్తి చేసే బాధ్యత ఆసుపత్రులది, ప్రభుత్వానిది, గ్రహీతను ఎండ నుంచి, దుమ్ము నుంచి, మౌనం నుంచి కాపాడవలసిన ఊరివారందరిదీ.